నోటీసు ఇవ్వకముందే లాయరుకు ఫోను

ఉద్యోగిని తీసేయాలన్నా, సెలవుల నిబంధన మార్చాలన్నా, దరఖాస్తులు వడగట్టే సాఫ్ట్‌వేర్ కొనాలన్నా కంపెనీలు ముందు లాయరును అడుగుతున్నాయి. యాజమాన్యాల తరఫు లాయర్లకు ఇప్పుడు కేసులు వాదించడం కంటే కేసు పడకుండా చూడటమే పెద్ద పని. చట్టం ఏం అడుగుతోందన్నది మారుతూ వచ్చింది, దానితోపాటే వాళ్ల పనీ మారింది.

మొదట్లో యజమానికి ఇలాంటి సలహాలే అక్కర్లేదు. చట్టమే అతని పక్షాన నిలబడేది. ప్లేగు తర్వాత మనుషులు కరువై కూలి రేట్లు పెరిగితే, ప్లేగుకు ముందున్న కూలికే పనిచేయాలని ఇంగ్లండు 1351లో చట్టం చేసింది. 1823 నాటి మాస్టర్ అండ్ సర్వెంట్ చట్టం కింద ఒప్పందం మధ్యలో పని మానేసిన కార్మికుణ్ని జైలుకు పంపొచ్చు. మాట తప్పింది యజమానైతే మాత్రం అది ఉత్త సివిల్ వివాదం. ఈ పద్ధతి 1875 దాకా పోలేదు.

ఫ్యాక్టరీ చట్టాలు వచ్చినా మొదట్లో కాగితాల మీదే ఉండిపోయాయి. 1833లో బ్రిటన్ నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించాక యజమానులు కొంచెం సర్దుకున్నారు. దేశం మొత్తానికీ నలుగురే! అయినా ఎవరో వచ్చి అడుగుతారన్న భయం అప్పుడే మొదలైంది. అమెరికాలో ఇంకా ఆలస్యమైంది. బేకరీ కార్మికుల పని రోజుకు 10, వారానికి 60 గంటలు మించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేస్తే, 1905లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. పనిగంటలు ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సినవంది. రేపటి కూలి లేకపోతే ఇల్లు గడవనివాడు ఏం బేరమాడతాడో ఆ తీర్పు పట్టించుకోలేదు. 1937లో కనీస వేతన చట్టాన్ని సమర్థించడంతో కోర్టు దారి మారింది.

అసలు మలుపు తర్వాత వచ్చింది. అన్యాయపు తొలగింపును ప్రశ్నించే హక్కును బ్రిటన్ 1971 చట్టంతో ఇచ్చింది. దాంతో ఉద్యోగిని ఎందుకు తీశారన్నదే కాదు, ఎలా తీశారన్నది కూడా విచారణకొచ్చింది. 1987లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన పోల్కీ కేసు చూడండి. వ్యాన్ డ్రైవరైన ఆయన్ను ఆఫీసుకు పిలిచి, ముందు ఒక్క మాటైనా సంప్రదించకుండా, ఉద్యోగం పోయిందని చెప్పి ఇంటికి పంపేశారు. ముందే మాట్లాడినా ఫలితం ఇదేగా అన్న కంపెనీ వాదన నిలవలేదు. ఆ సంగతి పరిహారం లెక్కకట్టేటప్పుడు చూస్తాం తప్ప, తప్పుడు పద్ధతిని అది సరిచేయదన్నారు. యాజమాన్యం నిర్ణయం తీసుకునే చోటే లాయరుకు కుర్చీ వేయించింది ఇలాంటి తీర్పులేనని నా అభిప్రాయం.

పదకొండేళ్లకు అమెరికా సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఫ్లోరిడాలోని బోకా రటోన్ నగరంలో బీచ్ లైఫ్‌గార్డుగా పనిచేసిన మహిళ, సూపర్‌వైజర్లు లైంగికంగా వేధించారని నగరపాలక సంస్థ మీద కేసు వేసింది. సంస్థకు వేధింపుల నివారణ విధానం లేకపోలేదు. కానీ అది బీచ్‌లో పనిచేసేవాళ్ల దాకా చేరనే లేదు. 1998లో ఆమె గెలిచింది. అదే రోజు మరో తీర్పుతో కలిపి కోర్టు ఒక వెసులుబాటూ ఇచ్చింది: ఉద్యోగం పోవడం, హోదా తగ్గడం లాంటి చర్యేదీ జరగని కేసుల్లో, నివారణకు తగిన ఏర్పాట్లు చేశామనీ, ఫిర్యాదుదారు వాటిని సరైన కారణం లేకుండా వాడుకోలేదనీ రుజువు చేస్తే సంస్థ బయటపడొచ్చు.

లాయర్లకు ఇంతకంటే ఏం కావాలి? పాలసీలు, సంతకాలు, శిక్షణలు వరుసకట్టాయి. నెక్స్ట్, నెక్స్ట్ అంటూ మౌస్ నొక్కి పూర్తిచేసే ఆన్‌లైన్ ట్రైనింగుల వెనక ఉన్న టెన్షన్ చాలావరకు ఇదే. వాటిలో కొన్ని ఉద్యోగి కోసం, మరికొన్ని ఫైలు కోసం.

అయితే ఫైలును నమ్ముకున్నవాళ్లకూ దెబ్బ తగిలింది. బ్రిటన్‌లో ఆటోక్లెన్జ్ అనే కంపెనీ, కార్లు శుభ్రం చేసేవాళ్లంతా స్వయం ఉపాధిదారులేననీ, కావాలంటే తమ బదులు ఇంకొకరిని పంపుకోవచ్చనీ ఒప్పందంలో రాయించుకుంది. రాసినదాన్ని పక్కనపెట్టి రోజూ జరిగేది చూసిన సుప్రీంకోర్టు 2011లో వాళ్లకు కార్మికుల హక్కులున్నాయని తేల్చింది. 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్ల కేసులోనూ ఒప్పందం పదాలు కంపెనీని కాపాడలేదు. ఛార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు, రైడ్లు కాదంటే ఏమవుతోంది అని కోర్టు ఆరా తీసింది. అందుకే మంచి లాయరు ఇప్పుడు కాగితం ఒక్కటే చదవడు. షిఫ్టు ఎవరు వేస్తున్నారు, సెలవు ఎవరిని అడగాలి అని సూపర్‌వైజర్‌ను కూర్చోబెట్టి అడుగుతాడు.

ఇప్పుడు ఆ ప్రశ్నలు యంత్రాల దాకా వచ్చాయి. ఉద్యోగులను ఎంచే ఆటోమేటిక్ టూల్స్‌కు పక్షపాతం ఉందో లేదో ఆడిట్ చేయించాలన్న నిబంధనను న్యూయార్క్ నగరం 2023 జూలై నుంచి అమలు చేస్తోంది. నియామకాల్లో వాడే ఏఐని యూరోపియన్ యూనియన్ 2024 చట్టం ఎక్కువ రిస్కున్న కోవలో పెట్టింది. సాఫ్ట్‌వేర్ మాది కాదు, అమ్మినవాళ్లది అని చెప్పి తప్పుకోవచ్చా అని కంపెనీలు లాయర్లను అడుగుతున్నాయి. కుదరదన్నదే ఎక్కువగా వస్తున్న జవాబు.