అండవాహికలోకి క్యాథెటర్: లోపలి పొర ఎంత తట్టుకుంటుంది?

గర్భసంచి గోడను దాటే చోట అండవాహిక (ట్యూబు) లోపలి దారి ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. ఆ దారిని కప్పిన మెత్తని పొర, దానిమీద అండాన్ని నెమ్మదిగా నెట్టే సూక్ష్మ కేశాలు ఒకసారి చెడితే, ట్యూబు తెరిచి ఉన్నా ఫలితం అంతంతమాత్రమే. మూసుకున్న ట్యూబును తెరవడానికి అందులోకి క్యాథెటర్ అనే సన్నని గొట్టం దూర్చడం క్షేమమేనా అన్న సందేహం ఈ చికిత్సను మొదటినుంచీ వెన్నాడుతూనే ఉంది.

1849లో లండన్ వైద్యుడు టైలర్ స్మిత్ తిమింగలం నోటినుంచి తీసిన, కొమ్ములాంటి, వంగే సన్నని పుల్లతో ట్యూబులోని అడ్డు తొలగించవచ్చని ప్రతిపాదించాడు. కంటికి కనపడేదేమీ లేదు, చేతి స్పర్శే ఆధారం. చిత్రంగా అదే ఏడాది జర్మనీలో ఫ్రోరీప్ అనే వైద్యుడు, గర్భం రాకుండా అదే దారిన సిల్వర్ నైట్రేట్ అనే రసాయనం పంపి ట్యూబులను మూసేయాలని చూశాడు.

1914లో రంగుమందుతో ఎక్స్‌రే తీయడం మొదలయ్యాక ట్యూబు కనిపించింది కానీ, మూసుకున్నట్టు కనిపించినదంతా నిజంగా మూసుకున్నది కాదు. 1980లలో కోసి తీసిన ట్యూబు ముక్కలను పరీక్షిస్తే, చాలావాటిలో మచ్చకట్టిన కణజాలానికి బదులు గట్టిపడిన స్రావపు ముద్దో, అసలు అడ్డే లేకపోవడమో బయటపడింది. అదే కాలంలో అమెరికాలోని ఒరెగాన్‌లో థర్మండ్, నోవీ, రోష్ అనే వైద్యులు రక్తనాళాల చికిత్సలో వాడే మెత్తని మొన తీగను, మిల్లీమీటరు మందపు క్యాథెటర్‌ను ఇటు మళ్లించారు. ముద్ద కదిలి, రంగుమందు పొగలా పొట్టలోకి జారితే పని అయినట్టే.

ఈ ప్రక్రియలో ట్యూబుకు చిల్లు పడటం సుమారు 2 నుంచి 5 శాతం మందిలో కనిపిస్తుందని చెబుతారు. చాలావరకు అది శస్త్రచికిత్స లేకుండానే మానిపోతుంది. 2002లో అమెరికాలో అనుమతి పొంది, నొప్పి, చిల్లుల ఫిర్యాదుల మధ్య 2018 చివర అక్కడ అమ్మకం ఆగిపోయిన ఎస్యూర్ అనే, గర్భం రాకుండా ట్యూబును మూసే స్ప్రింగ్‌తో దీన్ని కలిపి చూడటం సరికాదు: అది మచ్చ కట్టించడానికే లోపల ఉండిపోతుంది, ఈ తీగ పని కాగానే బయటికి వస్తుంది.

అసలు భయం ముందే పాడైన ట్యూబు విషయంలోనే. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటైన టీబీ వాటిని బిగుసుకుపోయేలా చేస్తుంది. తీగ తగిలితే అవి తేలిగ్గా చిరుగుతాయి, ఇన్‌ఫెక్షన్ చురుగ్గా ఉంటే అసలు ముట్టుకోరు. అడ్డు తొలగినా లోపలి పొర దెబ్బతిని ఉంటే గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంటుంది కనుక, నెల తప్పగానే స్కానింగ్‌కు రమ్మంటారు.