పాట పెంచిన చేయి ఎవరిది?

కర్నూలులో పాత వాచీల సేకరణదారులు తమలో తాము జరుపుకున్న ఒక చిన్న వేలంలో నల్ల డయల్ ఉండే హెచ్‌ఎంటీ పైలట్ వాచీలు రెండు పాటకు వచ్చాయి. ఒకటి ప్రారంభ పాట దాటకుండానే ఆగిపోగా, రెండోది దానికి పది రెట్లు పలకడంతో, ఈ ధరలు ఎవరు కడుతున్నారన్న పాత వివాదం మళ్ళీ రాజుకుంది. పాట అందరి ఎదుటే సాగిందని, ఇష్టమున్నవారు పాడుకున్నారని నిర్వాహకులు అంటున్నారు.

జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైన సంగతి, 2016 జనవరిలో ఆ వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపిన సంగతి తెలిసినవే. పెళ్ళిలో అల్లుడికి పెట్టిన ఆ వాచీ సీమలో చాలా ఇళ్ళ బీరువాల్లో ఇంకా ఉంది. తయారీ ఆగిన వస్తువుకు ధర పెరగడంలో వింత లేదు. ఒకే మోడల్‌కు ఒకే పూట రెండు ధరలు పలకడమే వింత; అది అర్థం కావాలంటే జెనీవా వేలాల సంగతి తెలియాలి.

2007 ఏప్రిల్‌లో ఆంటికోరమ్ అనే వేలం సంస్థ, స్విస్ వాచీ కంపెనీ ఒమేగాతో కలిసి, అక్కడ ఒక్క ఒమేగా వాచీలనే వేలానికి పెట్టింది. పాత ప్లాటినం వాచీ ఒకటి 3,51,000 డాలర్లు పలికేసరికి ఒమేగాకు ఇంత గిరాకీ ఉందా అని సేకరణదారులు విస్తుపోయారు. దాన్ని పాడుకున్నది ఒమేగాయేనని అదే ఏడాది అక్టోబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. మ్యూజియం కోసం కొన్నామన్నది కంపెనీ మాట. తన సరుకు తానే కొనుక్కోవడం నేరం కాదు గానీ, అప్పటినుంచి వేలం ధర ధరగా కాక ప్రకటనగా పనిచేయడం మొదలైంది. టెండర్లలో పాటదారులు రింగై ధర తొక్కిపెట్టడం మనకు కొత్త కాదు. జెనీవాలో జరిగింది దానికి తలకిందులు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరమాడేటప్పుడైనా ఆ రెండు చేతులు ఎవరివో చుట్టూ ఉన్నవారికి తెలుస్తుంది.

ప్రతి పెద్ద ధరనూ ఇదే గాటన కట్టలేము. 2017లో న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లు పలికిన రోలెక్స్ డేటోనా, నటుడు పాల్ న్యూమన్ స్వయంగా ధరించినది. కానీ 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలం వేసిన 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్‌కు అలాంటి కథేమీ లేదు. గరిష్ఠంగా 1,20,000 స్విస్ ఫ్రాంకులు వస్తాయని అంచనా వేసిన ఆ వాచీ 31 లక్షలు దాటింది. కొన్నది మళ్ళీ ఒమేగాయే. వేర్వేరు వాచీల భాగాలతో దాన్ని కూర్చారని, అందులో తన మాజీ ఉద్యోగులు ముగ్గురికి ప్రమేయముందని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది.

కర్నూలు వాచీ మెకానిక్కుల అనుమానం సరిగ్గా ఈ రెండు చోట్లనే, వాచీలోని భాగాల దగ్గర, పాడినవారి దగ్గర ఆగుతోంది. పైలట్‌లోనూ హెచ్‌ఎంటీ వారిదే చవకైన జనతా మోడల్‌లోనూ తిరిగే యంత్రం ఒకటే కాబట్టి, జనతా యంత్రానికి కొత్తగా రంగు వేయించిన నల్ల డయల్ బిగిస్తే, కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నంత మాత్రాన తేడా ఎవరికీ తెలియదని వారు వివరిస్తున్నారు. ముళ్ళు తీసి, డయల్ ఎత్తి, దాని అడుగు చూస్తేనే కొంత తేలుతుంది. పాటకు ముందు ఆ పని చేద్దామంటే నిర్వాహకులు ఒప్పుకోలేదు. అంతకన్నా గట్టి ప్రశ్న మరొకటి మెకానిక్కులు లేవనెత్తుతున్నారు: ఎక్కువకు పాడినవారి దగ్గర అదే రకం వాచీలు మరికొన్ని అమ్మకానికి ఉన్నాయి. ఒక్కదానికి పలికిన ధర చూపి మిగిలినవాటికి ధర కట్టవచ్చు. దీనికి నిర్వాహకులు ఇంతవరకు బదులు చెప్పలేదు. పాట సొమ్ము ఇంకా కట్టలేదని, వాచీ అమ్మకందారు దగ్గరే ఉందని మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటున్నాయి.