బడి రేడియో జట్టుకు అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రతి శనివారం ప్రార్థన తరవాత పది నిమిషాల పాటు బడి మైకును మీకు అప్పగించడానికి మీ ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకున్నారట. చాలా సంతోషం. మీలో ఒకరికి నేను సొంత అమ్మమ్మను. ఆకాశవాణిలో అనౌన్సరుగా పనిచేశానని ఆ పిల్ల మిగిలినవారికి ఇప్పటికే డప్పు కొట్టి ఉంటుంది. ఏ మైకు కొనాలి, ఏ యాప్ వాడాలి అని అడిగారు. వాటి సంగతి చివర్లో చెబుతాను. అవి చివర్లో తేల్చుకోవలసిన విషయాలే.

పత్రికలో ఒక వాక్యం అర్థం కాకపోతే మళ్లీ మొదటి నుంచి చదువుకుంటాం. రేడియోలో మాట ఒక్కసారి వస్తుంది, పోతుంది. వినేవారు వెనక్కి వెళ్లలేరు. పైగా వారు చేతులు కట్టుకుని మీ కోసమే కూర్చుని ఉండరు. ఒకరు జడ వేసుకుంటూ ఉంటారు, ఇంకొకరు పక్కవాడితో గుసగుసలాడుతూ ఉంటారు. రాయడం, చదవడం, రికార్డు చేయడం, గడియారం చూసుకోవడం, అన్నింటిలోనూ మీరు పడే తిప్పలన్నీ ఈ ఒక్క కారణం వల్లే.

రాయడంతో మొదలుపెడదాం. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. కాగితం మీద అది అందం. చెవికి మాత్రం ఒక్కోసారి పరీక్ష. ఈ ప్రకటన ఎవరికైనా చదివి వినిపించండి: "నిన్న సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో ప్రధానోపాధ్యాయురాలు ప్రకటించిన జాబితాలో పేర్లున్న తొమ్మిదో తరగతి విద్యార్థులు సోమవారం ఉదయం ప్రత్యేక తరగతికి రానవసరం లేదు." వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ రావాలో వద్దో తెలియాలంటే ఆఖరి మాట దాకా ఊపిరి బిగబట్టుకోవాలి. అప్పుడే ఎవరైనా దగ్గితే సగం తరగతి సోమవారం పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. దాన్నే ఇలా విడగొట్టండి: "తొమ్మిదో తరగతి వారికి ఒక మాట. సోమవారం ప్రత్యేక తరగతి అందరికీ కాదు. కొందరు రానవసరం లేదు. ఆ పేర్లు ఇప్పుడు చదువుతున్నాను." ముందు ఎవరిని పిలుస్తున్నారో చెప్పారు, వారు చెవి ఇటు తిప్పేదాకా ఆగారు, తరవాత విషయం చెప్పారు. వాక్యానికి ఒక్క సంగతి చాలు.

"పైన చెప్పినట్లు", "ఈ కింది", "వరుసగా" లాంటివి కొట్టేయండి. రేడియోలో పైనా లేదు, కిందా లేదు. "అతను", "ఆమె" అని ఊరుకోకుండా పేరు మళ్లీ చెప్పండి. వ్యాసంలో పునరుక్తి దోషం అంటారు, ఇక్కడ అది మర్యాద. అంకెలను స్క్రిప్టులో అక్షరాల్లోనే రాసుకోండి. 12,387 అని రాసుకుంటే చదివేటప్పుడు నాలుక తడబడుతుంది, విన్నవారికి గుర్తుండదు. "పన్నెండు వేలకు పైగా" అంటే చాలు. రాసిన ప్రతి ముక్కనూ గొంతెత్తి చదువుతూ దిద్దుకోండి. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ వాక్యం పొడవైందని అర్థం.

స్క్రిప్టు కాగితానికి ఒక వైపే, పెద్ద అక్షరాలతో రాయండి. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. కాగితాలకు పిన్ను కొట్టవద్దు. చదవడం అయిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకు జరపండి. కాగితం గలగల మైకులో చిన్న చప్పుడు కాదు.

ఇక మైకు. నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు ఉంచుకోండి. మన ప, ఫ, బ, భ పలికేటప్పుడు పెదవుల నుంచి గాలి దూసుకొస్తుంది. "భారతదేశం", "ఫలితాలు", "ప్రభుత్వం" అని నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని పలికి చూడండి, ఆ దెబ్బ తెలుస్తుంది. అదే గాలి మైకు లోపలి పలుచని పొరకు తగిలితే స్పీకర్లో 'ధబ్' మంటుంది. మైకు పక్కకు ఉంటే గాలి దాన్ని దాటిపోతుంది, ధ్వని మాత్రం అందుతుంది. శ, ష, సలతో మరో ఇబ్బంది, అవి ఈల వేస్తాయి. దానికీ ఇదే మందు చాలా వరకు పనిచేస్తుంది. గాలి దెబ్బకు భయపడి భను బ చేయకండి. తెలుగు రేడియో వినే పెద్దలు ఇంకేదైనా క్షమిస్తారు కానీ ఒత్తు పోతే ఉత్తరం రాస్తారు. నా అభిప్రాయంలో వారిదే న్యాయం.

గొంతు మార్చి, రేడియో గొంతు అని ఒకటి తెచ్చిపెట్టుకోవద్దు. మైదానం మొత్తానికి ఉపన్యాసం ఇస్తున్నట్లు కాకుండా, బల్లకు అవతల కూర్చున్న ఒక్కరితో మాట్లాడుతున్నట్లు చదవండి. "శ్రోతలారా" అన్నా సరే, మనసులో ఒక ముఖం ఉండాలి. మద్రాసు కేంద్రంలో, ఆ తరవాత హైదరాబాదులో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగునాట పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. అధికారి అనో వ్యాఖ్యాత అనో అనలేదు. ఆ వరస ఆ గొంతులకు దక్కింది.

రికార్డింగుకు ఖాళీ తరగతి గది బాగుంటుందని అనుకుంటారు. బాగుండదు. నున్నని గోడలు, బండలు మాటను తిప్పికొడతాయి, బావిలోంచి మాట్లాడినట్లు వినిపిస్తుంది. పరుపులు, దుప్పట్లు, బట్టలు ఉన్న ఇంటి గది మేలు. ఫ్యాను ఆపేయండి. చెమట పడితే పట్టనివ్వండి. ఫోనుతో రికార్డు చేస్తుంటే కాల్స్ రాకుండా చూసుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా వినండి. మన చెవి రోజూ వడగట్టి పారేసే చప్పుళ్లు, ఫ్రిజ్ మోత, వీధిలో ఆటో, పక్కింటి కుక్కర్, ఒక్కొక్కటే బయటపడతాయి. మైకుకు ఆ వడపోత తెలియదు.

తెర మీద ధ్వని స్థాయిని చూపే గీత ఉంటుంది. కంప్యూటర్ రికార్డింగులో దాని పైకప్పు సున్నా. మీరు గట్టిగా అన్న మాట కూడా మైనస్ పన్నెండు, మైనస్ ఆరు డెసిబెల్స్ మధ్యలోనే ఆగేలా పెట్టుకోండి. మెల్లగా పడిన గొంతును తరవాత పెంచుకోవచ్చు. సున్నాను తాకి పగిలిన గొంతును అతికించడం దాదాపు అసాధ్యం.

మొదటి కార్యక్రమానికి మీ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెతో ముఖాముఖి అనుకున్నారట. మంచి ఆలోచన. కలెక్టరు గారి కంటే ఆమె దగ్గరే మీకు ఎక్కువ సరుకు దొరుకుతుంది. ముందుగా ఆమె అనుమతి అడగండి, ఎక్కడ వినిపిస్తారో చెప్పండి. రికార్డింగ్ మొదలవగానే తేదీ, చోటు, ఆమె పేరు పలికి పెట్టుకోండి. నెల తరవాత ఏ ఫైలు ఏదో గుర్తుండదు. "వంట కష్టంగా ఉంటుందా?" అని అడిగితే "ఉంటుంది" అని ఊరుకుంటుంది. "పొద్దున పొయ్యి వెలిగించినప్పటి నుంచి ఏమేం చేస్తారో చెప్పండి" అనండి. ఆమె మాట్లాడుతుంటే "ఊఁ", "అవునా", "అబ్బ" అనవద్దు. ఎడిటింగులో ఆమె మాట మీద పడిన మీ ఊఁలను విడదీయలేరు. కళ్లతో, తలతో ఊకొట్టండి. మైకు మీ చేతిలోనే ఉండాలి, ఆమె చేతికి ఇవ్వకండి. జవాబు అయిపోయిందనిపించాక కూడా కాసేపు ఆగండి. చాలామంది అసలు మాట అప్పుడే చెబుతారు.

ఆమెతో మాట్లాడటం అయ్యాక చప్పుళ్లు విడిగా పట్టుకోండి. బియ్యం చేటలో చెరిగే చప్పుడు, పప్పులో పడిన పోపు చురచుర, పళ్లేలు బల్ల మీద పేర్చే మోత, గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చే చిన్న తరగతుల గోల. ప్రతిదీ అర నిమిషం తగ్గకుండా. అలాగే ఎవరూ మాట్లాడని వంటగదిని ఒక అర నిమిషం రికార్డు చేయండి. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం వేరు. ఎడిటింగులో రెండు మాటల మధ్య అతుకు వేయవలసినప్పుడు ఆ వంటగది నిశ్శబ్దాన్నే వేయాలి. శుద్ధ శూన్యం వేస్తే కరెంటు పోయినట్లు ఉంటుంది. కార్యక్రమాన్ని "ఇప్పుడు మనం వంటగదిలో ఉన్నాం" అని మొదలుపెట్టకండి. పోపు వినిపించండి, కాస్త ఆగండి, తరవాత ఆమె గొంతు. ఎక్కడ ఉన్నామో వినేవారి ముక్కుకే తెలుస్తుంది.

ఎడిటింగ్ గురించి కొద్దిగానే చెబుతాను, చేస్తూ ఉంటే మీకే వస్తుంది. ఊపిరి దగ్గర కోయండి, మాట మధ్యలో కాదు. అన్ని ఊపిర్లూ తీసేస్తే మనిషి యంత్రంలా ఉంటాడు. అసలు రికార్డింగును ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయండి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: "పిల్లలు అన్నం పారేయరు, గుడ్డు లేని రోజు తప్ప" అని ఆమె అంటే, సమయం చాలలేదని రెండో సగం కోసేసే హక్కు మీకు లేదు. మీరు దాచిన ఆ ముక్క సంగతి వినేవారికి ఎప్పటికీ తెలియదు.

సమయం మాటకు వస్తే, మాకు ఢిల్లీ నుంచి వచ్చే వార్తలు ఎవరి కోసమూ ఆగేవి కావు. పాట మధ్యలో ఉన్నా, మాట మధ్యలో ఉన్నా ఆ క్షణానికి కలవాల్సిందే. అందుకే చివరి నుంచి వెనక్కి లెక్క వేసుకునేవాళ్లం. మీరూ అంతే. పది నిమిషాల్లో ముగింపు మాటలకు ముప్పై సెకన్లు, దానికి ముందు ప్రకటనలకు నిమిషంన్నర, అలా వెనక్కి వస్తే ముఖాముఖికి ఎంత మిగులుతుందో తేలుతుంది. ఒక కాగితం మీద ప్రతి అంశానికి ఎదురుగా దాని నిమిషాలు, సెకన్లు, మొదటి మాట, చివరి మాట రాయండి. దీన్ని క్యూషీట్ అంటారు. మీట నొక్కేవారికి చివరి మాట తెలియకపోతే తరవాతి అంశం ఆలస్యమవుతుంది. నాలుగైదు సెకన్లు ఏమీ వినిపించకపోతే జనం స్టేషను పాడైందనుకుంటారు. అలాంటి వేళకు మీలో వేణువో వయొలినో వాయించే పిల్లల చేత రెండు నిమిషాల సంగీతం రికార్డు చేయించి సిద్ధంగా ఉంచుకోండి. సినిమా పాటల మీద హక్కులు ఇతరులవి కాబట్టి వాటి జోలికి పోవద్దు.

బడి స్పీకర్లు కాకుండా నిజంగా గాలిలోకి ప్రసారం చేయవచ్చా అని మీలో ఒకరు అడిగారు. చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ కిట్లు ఇంటర్నెట్లో దొరుకుతాయని కూడా రాశారు. కొనవద్దు. లైసెన్సు లేని ప్రసారం మన దేశంలో నేరం. బీహార్ వైశాలి జిల్లాలోని మన్సూర్‌పూర్ గ్రామంలో రేడియోలు బాగుచేసే రాఘవ్ మహతో అనే యువకుడు అతి తక్కువ ఖర్చుతో ట్రాన్స్‌మిటర్ తయారుచేసి, వెదురు గడకు యాంటెన్నా కట్టి ఊళ్లకు పాటలు, కబుర్లు వినిపించాడు. జనం ఎంతో మెచ్చారు. అయినా లైసెన్సు లేదని 2006లో ప్రభుత్వం దాన్ని మూయించింది.

సక్రమమైన దారి ఒకటుంది, లైసెన్సు తీసుకుని చిన్న ప్రాంతం కోసం నడిపే కమ్యూనిటీ రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం దేశంలో మొదటి క్యాంపస్ రేడియోను ప్రారంభించింది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం వచ్చింది. అలాంటి స్టేషన్లకు సాధారణంగా 100 వాట్ల వరకే శక్తి, 30 మీటర్ల వరకే యాంటెన్నా ఎత్తు. పరిధి సుమారు 10 కిలోమీటర్లు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి కాబట్టి గుట్ట అడ్డొస్తే ఆగిపోతాయి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ ప్రసారం మాత్రం నేలను పట్టుకుని చాలా దూరం పాకుతుంది, రాత్రిళ్లు ఆకాశంలోని పొరల మీద పడి తిరిగొచ్చి ఇంకా దూరాన వినిపిస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 'బోల్ హైదరాబాద్' అనే అలాంటి స్టేషన్ ఉంది. వెళ్లినప్పుడు చూసి రండి.

అంతకంటే ముందు సంగారెడ్డి జిల్లా మాచ్‌నూర్‌లోని సంగం రేడియో గురించి తెలుసుకోండి. జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులు నడిపే స్టేషన్ అది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దాన్ని నడిపించారు. లైసెన్సు వచ్చి ప్రసారం మొదలైంది 2008లో. దానికి ఎన్నో ఏళ్ల ముందే వారు విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి క్యాసెట్లు రికార్డు చేసి ఊళ్లలో సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. ట్రాన్స్‌మిటర్ లేనంతకాలం వారు చేసిన పని అదే. మీ బడి స్పీకరు ఆ క్యాసెట్ల కంటే తక్కువదేమీ కాదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మైకు కొనవద్దు. ఈ సంవత్సరానికి మీ ఇంట్లో ఉన్న ఫోను చాలు. డబ్బు పోగైతే ముందుగా చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఒకటి కొనండి. ఆ తరవాత కొంటే డైనమిక్ రకం మైకు తీసుకోండి. కింద పడినా తట్టుకుంటుంది, గది చప్పుడును తక్కువగా పట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సున్నితమైనది, స్టూడియో లాంటి గది ఉన్నప్పుడే దాని విలువ తెలుస్తుంది. ఎడిటింగుకు కంప్యూటర్లో ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. రికార్డింగులను ధ్వనిని కుదించని వేవ్ ఫైళ్లుగా దాచండి, కుదించే ఎంపీ3 చివర్లో పంపడానికి మాత్రమే.

వంటావిడ ముఖాముఖి అయ్యాక ఎడిట్ చేసినది కాదు, కోయకుండా మొత్తం రికార్డింగును నాకు పంపండి. ఫైలు పేరులో తేదీ ఉండాలి. స్క్రిప్టు ఫోటో కూడా పంపండి. దిద్ది తిప్పి పంపుతాను. ఎర్ర సిరా చూసి బెదరకండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ