పై సా ఏ చెవిలో?

అమలాపురంలో మా బావది పుర్రచెయ్యి. బోండాం చెక్కే కత్తి కూడా ఎడమ చేత్తోనే పడతాడు. అన్నం మాత్రం కుడిచేత్తో తింటాడు, చిన్నప్పుడు అత్తయ్య చేతిమీద కొట్టి కొట్టి మార్పించింది, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. మొన్న పండక్కి అరుగు మీద కూర్చుని తనకి ఇయర్‌ఫోన్స్‌లో ఒక శబ్దం వినిపించాను.

అందులో ఉన్నవి రెండే స్వరాలు, 400 హెర్ట్జ్, 800 హెర్ట్జ్. కింది సా, పై సా అనుకోండి. కుడి చెవిలో పై సా మోగుతుంటే ఎడమ చెవిలో కింది సా, పావు సెకనుకి అటుది ఇటు, ఇటుది అటు. రెండు చెవుల్లోనూ ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. నాకు మాత్రం కుడివైపు పై సా ఒక్కటే, తర్వాత ఎడమవైపు కింది సా ఒక్కటే వినిపించాయి. ఇయర్‌ఫోన్స్ మార్చి పెట్టుకున్నా పై సా కుడివైపు నుంచి కదల్లేదు!

బావకి పై సా ఎడమవైపు వినిపించింది. "అదేంటి బావా, నీకు కుడివైపా?" అన్నాడు.

డయానా డాయిచ్ అనే శాస్త్రవేత్త 1973లో దీన్ని కనిపెట్టి, మరుసటి ఏడాది నేచర్ పత్రికలో రాశారు. కుడిచేతివాటం వాళ్లలో ఎక్కువమందికి నాకులాగే వినిపిస్తుంది, ఎడమచేతివాటం వాళ్లు తలో రకంగా వింటారు. ఆవిడ వివరణ నాకు భలే నచ్చింది. ఏ స్వరం అన్నది మెదడు ఒక చెవిని నమ్మి తేల్చుకుంటుంది, ఎటువైపు అన్నది మాత్రం పై స్వరం ఏ చెవిలో పడిందో చూసి చెబుతుంది. నా మెదడు నమ్మేది కుడి చెవిని. అందులో కింది సా పడినప్పుడు నాకు వినిపించేది కింది సానే, కానీ ఆ క్షణంలో పై సా ఎడమ చెవిలో ఉంది కాబట్టి శబ్దం అటునుంచి వచ్చినట్టుంటుంది. అంటే ఎడమ చెవిలో అసలు లేని స్వరాన్ని అక్కడ వింటున్నానన్నమాట.

చేతివాటానికీ దీనికీ లింకు మెదడులోనే ఉంది. కుడి చెవి నుంచి వచ్చే దారులు ఎక్కువగా మెదడు ఎడమ సగానికి వెళ్తాయి, కుడిచేతివాటం వాళ్లలో దాదాపు అందరికీ మాట్లాడే పనిలో ఆ సగానిదే పెత్తనం. ఎడమచేతివాటం వాళ్లలో అది అంత ఖాయం కాదు.

1978లో డాయిచ్ ఇంకో పరీక్ష గురించి సైన్స్ పత్రికలో రాశారు. ఒక స్వరం వినిపించి, మధ్యలో వేరే స్వరాలు వేసి, చివరి స్వరం మొదటిదేనా కాదా అని అడిగారు. ఎడమచేతివాటం వాళ్లే బాగా చెప్పారు, అందులోనూ కొన్ని పనులకి కుడిచెయ్యి వాడేవాళ్లు ఇంకా బాగా.

ఇది చెప్పగానే బావ అన్నం తినే చేతివైపు ఒకసారి చూసుకుని, ఇయర్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకున్నాడు, ఈసారి కుడిది ఎడమకి.