1101 మూడో ఎక్కంలో పోతుందా?

చిట్టికీ బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ వాదించుకున్నది ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. 13 ప్రధాన సంఖ్య అని చిట్టి అంది. కంప్యూటర్ లెక్కలో దాన్ని 1101 అని రాస్తారు, ఆ అంకెలు కూడితే 3 వస్తుంది, కాబట్టి 3తో పోవాలి కదా అని బుజ్జి అన్నాడు. చాలా మంచి అనుమానం రా అది.

ముందు 13 చింతపిక్కలు తీసుకుని వరసలు పేర్చండి. రెండేసి పెడితే ఒకటి మిగులుతుంది. మూడేసి పెట్టినా ఒకటే, నాలుగేసి పెట్టినా ఒకటే. ఐదేసి పెడితే మూడు. సమానమైన వరసలు ఎలా పేర్చినా కుదరవు. ప్రధాన సంఖ్య అంటే అదే. ఇంతవరకూ మీరు ఒక్క అంకె కూడా రాయలేదు, గమనించారా?

ఇప్పుడు రాయండి. పదుల్లో కడితే ఒక పది, మూడు విడివి: 13. అరటిపళ్ల బండి దగ్గర లాగా డజన్లలో కడితే ఒక డజను, ఒక విడి పిక్క: 11. కంప్యూటర్ లెక్కలో లాగా రెండు ఆధారంగా, అంటే 1, 2, 4, 8 ఇలా రెట్టింపయ్యే కట్టలుగా కడితే ఒక ఎనిమిది, ఒక నాలుగు, రెండు లేదు, ఒక ఒకటి: 1101. పిక్కలు మాత్రం అవే.

మరి బుజ్జి లెక్క ఎక్కడ తప్పింది? 10, 100, 1000 వీటిలో దేన్ని 3తో భాగించినా శేషం 1. అందుకే పదుల లెక్కలో అంకెలు కూడి చూస్తే సరిపోతుంది. రెండు ఆధారంలో స్థానాలు 8, 4, 2, 1. వాటి శేషాలు 2, 1, 2, 1. మన 1101లో 2+1+0+1 = 4, అందులో 3 పోతే 1. పిక్కలు మూడేసి పేర్చినప్పుడు మిగిలిన ఆ ఒక్కటీ ఇదే! ఇది చూసినప్పుడల్లా నాకు భలే సంతోషం. పదుల లెక్కలో వెయ్యి నూట ఒకటి అయితే నిజంగానే 3తో పోతుంది: 3 × 367.

ఇంకోటి చూడండి. 111 పదుల్లో 3 × 37. అదే రాత రెండు ఆధారంలో 7, మూడు ఆధారంలో మన 13, ఐదు ఆధారంలో 31. మూడూ ప్రధాన సంఖ్యలే. నాలుగు ఆధారంలో మాత్రం 21.

2024లో దొరికిన, అప్పటికి అన్నిటికన్నా పెద్దదైన ప్రధాన సంఖ్యకి పదుల లెక్కలో 4,10,24,320 అంకెలు. రెండు ఆధారంలో రాస్తే మొత్తం ఒకట్లే, 13,62,79,841 ఒకట్లు! అలాగని ఒకట్లు వరసగా రాస్తే చాలదు. పదకొండు ఒకట్లు రాస్తే 2047, అది 23 × 89. పన్నెండు ఒకట్లయితే భాగించి చూడకుండానే ప్రధాన సంఖ్య కాదని చెప్పేయొచ్చు. ఎలాగో ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీరే చెప్పాలి. ఒకట్లని జతజతలుగా విడగొట్టి చూడండి.

మీ తాతయ్య