బ్రేకుల్లేని బండి ఎక్కనన్నందుకు: అమెరికా ట్రక్కు డ్రైవర్ల హక్కు వెనకున్న కథ

అమెరికాలో ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడానికి యజమాని కారణం చెప్పాల్సిన పని లేదు. మోంటానా రాష్ట్రంలో తప్ప మిగతా అంతటా ఇదే పద్ధతి. యూనియన్ ఒప్పందమో, ఫలానా కారణంతో తీసేయకూడదని చెప్పే చట్టమో అడ్డుంటే తప్ప "రేపటి నుంచి రావద్దు" అన్న మాటకు తిరుగు లేదు. అలాంటి చోట "ఈ బండికి బ్రేకులు పట్టట్లేదు, నేను తియ్యను" అన్న డ్రైవర్ ఉద్యోగం పోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇవాళ దానికో చట్టం ఉంది. అది రాకముందు ఏం జరిగేదో తెలిస్తేగానీ, అందులోని ఒక్కో మాట ఎందుకంత బరువైనదో అర్థం కాదు.

ముందుగా ఆ ఉద్యోగం సంగతి చెప్పుకోవాలి. దూరప్రాంతాలకు లోడు తోలే డ్రైవర్లలో చాలామందికి జీతం గంటల లెక్కన రాదు, మైళ్ల లెక్కన వస్తుంది. షెడ్డులో బండి బాగయ్యే దాకా కూర్చున్న గంటలకు డబ్బులు రావడం కష్టం. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని 1938లో వచ్చిన కార్మిక చట్టం, రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు డ్రైవర్లను ఆ లెక్కలోంచి మినహాయించింది. 1980లో ట్రక్కింగ్ మీదున్న ప్రభుత్వ నియంత్రణను చాలావరకు ఎత్తేశారు. కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి, కిరాయిలు పడిపోయాయి, యూనియన్ల బలం తగ్గింది. బండి ఆపితే కంపెనీకీ నష్టమే, డ్రైవర్‌కీ నష్టమే. కాబట్టి బండి ఆపాలన్న నిర్ణయం, అందులోనూ రాత్రిపూట రోడ్డు మీద ఒంటరిగా తీసుకునేది, సులువుగా వచ్చేది కాదు.

1979లో మిషిగన్ రాష్ట్రంలో ఇద్దరు డ్రైవర్ల ఉద్యోగాలు పోయాయి. ఇద్దరివీ వేర్వేరు కంపెనీలు. ఇద్దరి గొడవా బ్రేకుల గురించే.

మొదటాయన డెట్రాయిట్ నగరం చెత్తను ఎత్తి, ఊరవతల డంపింగ్ యార్డుకు చేర్చే సిటీ డిస్పోజల్ సిస్టమ్స్‌లో పనిచేసేవాడు. ఒక శనివారం 244 నంబరు ట్రక్కు బ్రేకులు సరిగ్గా పట్టక, ఆయన బండిని గుద్దబోయి త్రుటిలో తప్పింది. ఆ ట్రక్కును రిపేరుకు ఇచ్చారు. సోమవారం ఆయన సొంత బండికి చక్రం దగ్గర సమస్య వచ్చింది. షెడ్డుకు తీసుకెళ్తే ఇప్పుడు చూడటం కుదరదన్నారు. సూపర్‌వైజర్ ముందు ఇంటికి పొమ్మన్నాడు. అంతలోనే మనసు మార్చుకుని 244 తీసుకుని వెళ్లమన్నాడు. ఆయన ససేమిరా అన్నాడు. మనుషుల భద్రత కంటే చెత్తే ముందా అని ఇంకో సూపర్‌వైజర్‌ను నిలదీశాడని రికార్డుల్లో ఉంది. ఉద్యోగం పోయింది. సొంత యూనియన్ కూడా ఫిర్యాదులో పస లేదని పక్కన పెట్టేసింది.

రెండో డ్రైవర్ మేయర్స్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పడవలను ట్రక్కులో చేరవేసేవాడు. అక్కడ యూనియన్ లేదు. బ్రేకులు బాగాలేవని ఆయన అప్పటికే చెప్పి ఉన్నాడు. టెనెసీలో ప్రమాదం జరిగాక, బండిని తనిఖీ చేయమని అక్కడి రాష్ట్ర అధికారులకు తనే ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి చూసి, బాగుచేయకుండా కదపొద్దని ఆదేశించారు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు.

ఇద్దరూ జాతీయ కార్మిక సంబంధాల బోర్డు గడపే తొక్కారు. ఎందుకంటే అప్పట్లో చేతికందిన చట్టం 1935 నాటిది. కార్మికులు నలుగురూ కలిసి చేసే పనులకు అది రక్షణ ఇస్తుంది. దాంతో అసలు ప్రశ్న పక్కకు పోయింది. బ్రేకులు బాగున్నాయా లేదా అన్నది కాదు, "నువ్వు ఒక్కడివేనా, నలుగురితో కలిసి ఉన్నావా?" అన్నది తేలాల్సిన విషయమైంది.

1984 జనవరిలో బోర్డు పడవల డ్రైవర్ సంగతి తేల్చింది. ఆయన ఒంటరిగా, తన తరఫున మాత్రమే చేశాడు కాబట్టి ఆ చట్టం వర్తించదంది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో చెత్త ట్రక్కు డ్రైవర్ మాట ఒప్పుకుంది. భద్రంగా లేని బండిని రోడ్డెక్కించమని కంపెనీ అడగకూడదని యూనియన్ ఒప్పందంలో ఉంది. ఆ మాట పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక్కడే అయినా, ఆ ఒప్పందం రాయించుకున్న అందరి తరఫునా నిలబడ్డట్టేనని న్యాయమూర్తి బ్రెనన్ రాశారు. మూడు నెలల తేడాలో రెండు తీర్పులు, ఒకే రకం బ్రేకులు, రెండు దారులు. యూనియన్ లేనివాడికి ఆ దారి మూసుకుపోయింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఈ ఘట్టమే. బండి కింద పడేవాడు యూనియన్ కార్డుందో లేదో చూసి పడడు కదా.

ఫ్యాక్టరీ కార్మికులకు అప్పటికే వేరే ఆసరా ఒకటి దొరికింది. ఒహాయోలోని వర్ల్‌పూల్ ఫ్యాక్టరీలో ఎత్తున కట్టిన ఇనుప వల మీదికెక్కి పనిచేస్తూ ఒక కార్మికుడు కిందపడి చనిపోయాడు. రెండు వారాలు కూడా గడవకముందే అదే వల ఎక్కమంటే ఇద్దరు కుదరదన్నారు. వాళ్లకు ఆరు గంటల జీతం కోశారు. 1980లో సుప్రీంకోర్టు ఆ ఇద్దరి పక్షాన నిలిచింది. కానీ ఆ ఇద్దరికి అండగా నిలిచిన పనిచోట భద్రతా చట్టం కింద ఫిర్యాదుకు గడువు 30 రోజులే. అది దాటకుండా ఫిర్యాదు చేసినా కోర్టుకు వెళ్లాల్సింది ప్రభుత్వమే, కార్మికుడు సొంతంగా వెళ్లలేడు. పైగా ట్రక్కు విషయంలో ప్రమాదం డ్రైవర్‌తో ఆగదు. పక్క లేనులో పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్తున్న వాళ్లకు కూడా ఆ బ్రేకులతో సంబంధం ఉంది.

1984 నాటి ఆ రెండు బ్రేకుల తీర్పులూ రాకముందే పార్లమెంటు వైపు నుంచి ఒక కదలిక వచ్చింది. 1982 చివర్లో పాసై, 1983 జనవరి 6న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన ఉపరితల రవాణా సహాయ చట్టం అసలు రోడ్ల కోసం పుట్టింది. పెట్రోలు మీద ఫెడరల్ పన్నును గ్యాలన్‌కు 4 సెంట్ల నుంచి 9 సెంట్లకు పెంచింది. ఇంటర్‌స్టేట్ హైవేల మీద 80,000 పౌండ్ల దాకా, అంటే దాదాపు 36 టన్నుల బరువున్న ట్రక్కులను ప్రతి రాష్ట్రమూ అనుమతించాలని చెప్పింది. అదే చట్టంలో 405వ సెక్షన్‌గా డ్రైవర్ల రక్షణను చేర్చారు. పెద్ద బండ్లను రోడ్డెక్కించిన చట్టమే వాటిని నడిపేవాళ్లకు "నడపను" అనే హక్కు ఇవ్వడం సబబుగానే ఉంది.

ఈ సెక్షన్ ఒక్కడివా, నలుగురా అని అడగదు. యూనియన్ ఉందా అని కూడా అడగదు. భద్రతా నియమాలు తప్పుతున్నారని ఫిర్యాదు చేసిన డ్రైవర్‌ను శిక్షించకూడదంటుంది. బండి నడపడానికి నిరాకరించే హక్కును మాత్రం రెండు దారుల్లో ఇచ్చింది. ఈ రెంటి మధ్య తేడా తెలియక ఓడిపోయే అవకాశం ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

మొదటి దారిలో, బండి నడిపితే భద్రతా నియమం ఒకటి తప్పినట్టవ్వాలి. 11 గంటల డ్రైవింగ్ పరిమితి అయిపోయిందనుకోండి, లేదా నిద్రతోనో జ్వరంతోనో ఒళ్లు స్వాధీనంలో లేదనుకోండి, ఇవి నియమాల్లో రాసి ఉన్నవే. అయితే నడిపి ఉంటే నియమం నిజంగానే తప్పేదని డ్రైవర్ చూపించాల్సి వస్తుంది. తప్పుతుందేమో అనుకున్నానంటే సాధారణంగా చాలదు. రెండో దారి భయానికి సంబంధించింది. బండి పరిస్థితి వల్ల తనకో, ఇతరులకో తీవ్రమైన దెబ్బ తగులుతుందని ఆ పరిస్థితిలో ఉన్న ఏ సగటు మనిషైనా అనుకునేలా ఉండాలి. ఇక్కడ నియమం తప్పిందని రుజువు చేయక్కర్లేదు. కానీ బాగుచేయమని ముందు కంపెనీని అడిగి ఉండాలి, వాళ్లు చేయకపోయి ఉండాలి. "బండి బాగాలేదు" అని గొణుక్కుంటూ తాళాలు పడేసి వెళ్లిపోయినవాడికి ఈ రెండో దారి దొరకదు. ఏం బాగాలేదో, ఎవరికి చెప్పాడో, వాళ్లేమన్నారో తర్వాత మొత్తం దీని మీదే నడుస్తుంది.

చట్టం రాగానే కంపెనీలు కోర్టుకెక్కాయి. దర్యాప్తులో డ్రైవర్ మాట నిజమని తోస్తే, పూర్తి విచారణ జరగకముందే అతన్ని పనిలోకి తీసుకోమని కార్మిక శాఖ ఆదేశించొచ్చు. 1983 నవంబర్‌లో రోడ్‌వే ఎక్స్‌ప్రెస్ ఒక డ్రైవర్‌ను తీసేసింది. అదనపు డబ్బుల కోసం ట్రక్కు లైట్లు తనే పాడుచేశాడన్నది కంపెనీ మాట. భద్రత గురించి ఫిర్యాదు చేసినందుకే ఈ కక్ష అన్నది అతని మాట. 1987లో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చెప్పింది. ముందుగా పనిలోకి తీసుకోమనడం తప్పు కాదు, పూర్తి విచారణ దాకా ఆగక్కర్లేదు. కానీ తన మీదున్న సాక్ష్యం ఏమిటో కంపెనీకి చెప్పి, జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. డ్రైవర్‌కు ఇది పెద్ద విషయం. కేసు ఏళ్ల తరబడి సాగుతుంటే ఇంటి అద్దె ఏళ్ల తరబడి ఆగదు.

2007లో చట్టానికి పదును పెట్టారు. తీసేయడానికి భద్రతా ఫిర్యాదే ఏకైక కారణమని చూపించక్కర్లేదు, కారణాల్లో అదీ ఒకటైతే చాలు. అప్పుడు ఆ ఫిర్యాదు లేకపోయినా తీసేసేవాళ్లమేనని గట్టి సాక్ష్యంతో నిరూపించుకునే భారం కంపెనీ మీద పడుతుంది. 210 రోజుల్లో కార్మిక శాఖ తుది నిర్ణయం ఇవ్వకపోతే డ్రైవర్ నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. శిక్షగా వేసే పరిహారం 2,50,000 డాలర్ల దాకా ఉండొచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా ఈ హక్కును వదులుకున్నట్టు కాదని కూడా రాశారు.

ఇంత పకడ్బందీగా రాశాక కూడా "నడపడం" అన్న ఒక్క క్రియాపదం దగ్గర చట్టం చిక్కుకుంది. 2009 జనవరి రాత్రి. ఇల్లినాయ్‌లో ఐ-88 హైవే. ట్రాన్స్‌యామ్ అనే కంపెనీ డ్రైవర్ ఒకతను డీజిల్ అయిపోవస్తుంటే బండి పక్కకు తీశాడు. ఓ పది నిమిషాల తర్వాత కదిలిద్దామంటే ట్రెయిలర్ బ్రేకులు మంచుకు గడ్డకట్టి పట్టేశాయి. కంపెనీకి ఫోన్ చేశాడు, మెకానిక్‌ను పంపుతామన్నారు. క్యాబిన్‌లో హీటర్ పనిచేయడం లేదు. కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయాడు. బంధువు ఫోన్ చేస్తే మెలకువ వచ్చింది. మాట ముద్దగా వస్తోందని అవతలివాళ్లు గమనించారు. ఒళ్లు మొద్దుబారింది, పాదాలకు స్పర్శ లేదు. మళ్లీ ఫోన్ చేస్తే కాస్త ఓపిక పట్టమన్నారు. ట్రెయిలర్ విప్పేసి వెళ్తానంటే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. లాక్కెళ్తే ట్రెయిలర్‌తో సహా లాక్కెళ్లు, లేదంటే అక్కడే ఉండు అన్నాడు. బ్రేకులు పట్టేసిన ట్రెయిలర్‌ను హైవే మీద ఈడ్చుకెళ్తే వెనక వచ్చేవాళ్ల గతేమిటి? అతను ట్రెయిలర్ విప్పి, ముందుండే ఇంజిన్ బండిని మాత్రం నడుపుకుంటూ వెళ్లిపోయాడు. పావుగంటలో మెకానిక్ వచ్చాడని తెలిసి తిరిగొచ్చాడు కూడా. లోడు వదిలేసి వెళ్లాడని వారం తిరగకుండా ఉద్యోగం తీసేశారు.

అతను గెలిచాడు, కానీ మొదటి మెట్టు మీద కాదు. తొలి దర్యాప్తులో ఫిర్యాదును కొట్టేశారు. తర్వాత కార్మిక శాఖలోని పరిపాలనా న్యాయమూర్తి, ఆపైన అదే శాఖ రివ్యూ బోర్డు అతని వైపు తీర్పిచ్చారు. 2016 ఆగస్టులో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2-1తో ఆ తీర్పును నిలబెట్టింది. విభేదించిన మూడో న్యాయమూర్తి నీల్ గోర్సచ్. చట్టం రక్షించేది నడపడానికి నిరాకరించినవాడిని, ఇతను నిరాకరించలేదు, నడుపుకుంటూ వెళ్లిపోయాడు అన్నది ఆయన వాదన. కంపెనీ తీరు దయగలదా కాదా అన్నది తేల్చడం కోర్టు పని కాదన్నారు. మరుసటి ఏడాదే, 2017లో, ఆయన్ని సుప్రీంకోర్టుకు నామినేట్ చేశారు. సెనేట్ విచారణలో ఈ కేసు మీద సెనేటర్లు గట్టిగా నిలదీశారు. ఆయన నియామకం మాత్రం ఆగలేదు.

నా అభిప్రాయం దాచను. కంపెనీ చెప్పిన పద్ధతిలో బండి నడపనని అనడం కూడా నిరాకరణే. చలికి బిగుసుకుపోతూ కూర్చుంటేనే హక్కు దక్కుతుందంటే, ఆ హక్కు ప్రాణాలతో ఉన్నవాడి కోసం రాసింది కాదనుకోవాలి. మెజారిటీ న్యాయమూర్తులు అలాగే అర్థం చేసుకున్నారు. అయితే వాళ్ల తీర్పుకు ఒక ఆధారం, చట్టంలో మాట అస్పష్టంగా ఉన్నప్పుడు సంబంధిత ప్రభుత్వ శాఖ చెప్పిన అర్థాన్ని గౌరవించాలన్న పాత సూత్రం. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే కొట్టేసింది. దాని మీద ఆధారపడిన పాత తీర్పులు అంతమాత్రాన రద్దు కావని కూడా చెప్పింది. కాబట్టి పదో సర్క్యూట్ కిందికొచ్చే కాన్సాస్, కొలరాడో లాంటి రాష్ట్రాల్లో ఆ తీర్పు ఇంకా ఉంది. వేరే సర్క్యూట్‌లో రేపు ఇలాంటి కేసే వస్తే కార్మిక శాఖ వ్యాఖ్యానానికి మునుపటి బలం ఉండదు.

2016 జనవరి నుంచి ఇంకో నిబంధన అమల్లోకి వచ్చింది. రవాణా శాఖ కింది ట్రక్కుల భద్రతా విభాగం తెచ్చిన ఈ నియమం ట్రక్కు కంపెనీనే కాదు, సరుకు పంపేవాళ్లను, అందుకునేవాళ్లను, బ్రోకర్లను కూడా పట్టుకుంటుంది. గంటలు అయిపోయినా నడపమని బెదిరిస్తే 90 రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. కానీ జరిమానా వెళ్లేది ప్రభుత్వానికి. డ్రైవర్‌కు పోయిన ఉద్యోగం, పోయిన జీతం దీనివల్ల రావు.

అవి కావాలంటే పాత తలుపే తట్టాలి, అంటే కార్మిక శాఖలో పనిచోట భద్రతను చూసే ఓషా అనే విభాగం. తీసేస్తున్నామని చెప్పిన రోజు నుంచి 180 రోజులు గడువు. సొంత బండి పెట్టుకుని కాంట్రాక్టు మీద తోలేవాళ్లు కూడా, స్టీరింగ్ పట్టేది వాళ్లే అయితే, ఈ చట్టం కిందికి వస్తారు. ఫిర్యాదుకు ప్రత్యేక ఫారం లేదు, నోటిమాటగా చెప్పినా రాసుకుంటారు. ఇంగ్లిష్ రానివాళ్లు ఏ భాషలో చెప్పినా తీసుకోవాలని నిబంధన ఉంది, కాబట్టి అక్కడ లారీ తోలే మనవాళ్లు తెలుగులో చెప్పినా చెల్లుతుంది. యూనియన్ ఉన్న చోట చాలామంది ముందు కంపెనీలో గ్రీవెన్స్, అంటే యూనియన్ ఒప్పందం కింద ఫిర్యాదు, వేసి, అది తేలాక చూద్దామనుకుంటారు. గ్రీవెన్స్ నడుస్తున్నంత కాలం ఆ 180 రోజులు ఆగవు.