రేసు పావురానికి ఏం పెట్టాలి? రెండు వందల ఏళ్ల తగాదా

సాయంత్రం డబ్బాలో గింజలు గలగలలాడించగానే మేడ మీద వాలిన పావురాలన్నీ ఒక్క ఉదుటున గూట్లోకి దూకేవి. ఉత్తర చెన్నైలో మా మేనమామ ఇంట్లో ఇది చూస్తూ పెరిగాను. పొడవాటి చెక్క తొట్టిలో మేత పోస్తే ముందు వేరుశనగ పప్పులు మాయం. తర్వాత మొక్కజొన్న, బఠాణీలు. బార్లీ జోలికి చివరికి గానీ పోవు. తొట్టి అడుగున బార్లీ మిగలడం మొదలైందంటే వాటికి ఇక చాలని అర్థం. మామయ్య అక్కడితో తొట్టి ఎత్తేసేవాడు. "ఇంకొంచెం వెయ్యి మామయ్యా, పాపం చూస్తున్నాయి" అంటే, "చూడనీరా, రేపు పిలిస్తే రావాలా వద్దా?" అనేవాడు.

ఆ మాట ఆయన సొంతం కాదని, పావురాలు పెంచే వాళ్ల నోళ్లలో చాలా కాలంగా నలిగినదని పెద్దయ్యాక తెలిసింది. రేసు పావురం బరువు నాలుగైదు వందల గ్రాములు. రోజుకు అది తినేది ముప్పై గ్రాములు, కాస్త అటూ ఇటూగా. ఒక గుప్పెడు గింజలు, అంతే. ఆ గుప్పెట్లో ఏముండాలి, ఎంతుండాలి అన్నదాని మీద రెండు పక్షాలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. పక్షిని అదుపులో పెట్టేది ఆకలి అని ఒకరంటారు. ఆకలితో ఉన్న పక్షి అంత దూరం ఎలా ఎగురుతుందని రెండోవారు అడుగుతారు.

ఆకలి పక్షం వాదన అర్థం కావాలంటే రేసు ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. పావురాలను బుట్టల్లో దూరపు ఊరికి తీసుకెళ్లి వదులుతారు, అవి ఎగిరి ఇంటికి రావాలి. పావురం ఇంటి మీదికి వచ్చి చక్కర్లు కొట్టినంత మాత్రాన రేసు పూర్తవదు. అది గూట్లోకి దిగాలి. దాని కాలికున్న రబ్బరు రింగు తీసి గడియారపు పెట్టెలో వేస్తేనే టైము పడేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ చిప్పులు వచ్చాయి గానీ, గూటి గుమ్మంలోని ప్యాడ్ మీద పావురం కాలు పెట్టాల్సిందే. ఐదు వందల కిలోమీటర్లు ఎగిరొచ్చి, ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పది నిమిషాలు కూర్చుందంటే పడిన కష్టమంతా గాలికి పోయినట్టే. కింద యజమాని టెన్షన్‌తో డబ్బా ఊపుతూ నిలబడతాడు. పొద్దున కడుపునిండా తిన్న పావురానికి ఆ డబ్బా చప్పుడుతో పనిలేదు.

మన దేశంలో పావురాల మేతకు లెక్కలు రాసిపెట్టడం అక్బరు కాలానికే ఉంది. ఆయన పావురాల ఆటను ఇష్క్‌బాజీ అని ముద్దుగా పిలిచేవాడు. ఆస్థానంలో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. వాటికి రోజూ ఎన్ని సేర్ల గింజలు పోయాలో కూడా అందులో ఉంది. మామూలు పావురాలకు బియ్యం, శనగపప్పు, పెసరపప్పు, జొన్న వంటి ఏడు రకాల గింజలు కలిపి పెట్టేవారు. ఎగిరే వాటికి మాత్రం వేరేవి కలపని చిరుధాన్యం. అది దూరపు రేసు కాదు, ఆకాశంలో పల్టీలు కొట్టే ఆట. అయినా ఎగిరే పక్షికి తేలిక మేత పెట్టాలన్న తెలివి అప్పటికే ఉందన్నమాట.

ఇప్పుడు మనం చూసే రేసు బెల్జియంలో పుట్టింది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో లియేజ్, ఆంట్‌వెర్ప్ ప్రాంతాల వాళ్లు రకరకాల జాతులను కలిపి, దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చే హోమర్‌ జాతిని తయారు చేశారు. 1850లో జర్మనీలోని ఆహెన్, బెల్జియంలోని బ్రసెల్స్ మధ్య టెలిగ్రాఫ్ తీగ లేని చోట షేర్ల ధరలు చేరవేయడానికి, తర్వాత రాయిటర్స్ వార్తా సంస్థ పెట్టిన పాల్ జూలియస్ రాయిటర్ నమ్ముకున్నది ఈ పావురాలనే. అప్పట్లో రేసు పావురాలను జంటగానే ఉంచి, గుడ్లో పిల్లలో ఉన్నప్పుడు పోటీకి పంపేవారు. పిల్లలకు మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు కింది మేత సంచిలో ఊరే పావురం పాలు పడతాయి. అలాంటి పక్షులకు మాంసకృత్తులు బాగా కావాలి, అందుకని చిక్కుడు జాతి గింజలు, బఠాణీలు దండిగా పెట్టేవారు. ఇంగ్లండులోనైతే గుర్రాలకు పెట్టే చిన్న చిక్కుడు గింజలే పావురానికీ ప్రధాన ఆహారం.

పిల్లల్ని పెంచే పక్షికి అది సరైన మేతే. కానీ ఎగరడానికి కూడా అదే బలం అనుకున్నారు. రెక్కలు కొట్టేది రొమ్ము కండ, కండ అంటే మాంసకృత్తులు, కాబట్టి గింజల్లో పప్పు ఎంత ఎక్కువుంటే పక్షి అంత దూరం పోతుందని లెక్క. దీన్ని పల్లెటూరి మూఢనమ్మకం అనడానికి వీల్లేదు. ఆ రోజుల్లో యూరప్‌లో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ కూడా కండ తన మాంసకృత్తుల్నే ఖర్చుచేసి పని చేస్తుందని చెప్పాడు. 1865లో ఫిక్, విస్లిసేనుస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మాంసకృత్తులు లేని ఆహారం తిని స్విట్జర్లాండులోని ఫౌల్‌హోర్న్ శిఖరం ఎక్కారు. తమ మూత్రంలోని నత్రజనిని కొలిచి చూస్తే, కరిగిన మాంసకృత్తులు ఆ ఎక్కుడుకు ఏ మూలకూ చాలవని తేలింది. లీబిగ్ లెక్క అక్కడే తప్పింది. పావురాల గూళ్లలో మాత్రం చిక్కుడు గింజల రాజ్యం ఇంకా చాలా కాలం నడిచింది.

దాన్ని ముందుగా కదిలించింది శాస్త్రం కాదు, బెల్జియం వాళ్ల ఇంకో పద్ధతి. మగ పావురాన్ని దాని జంట నుంచి విడదీసి, రేసు ముందు ఒక్కసారి ఆడదాన్ని చూపించి, బుట్టలో పెట్టి పంపుతారు. తిరిగొస్తే జంట దొరుకుతుందని దానికి తెలుసు. దీన్ని వాళ్లు వైధవ్య పద్ధతి అంటారు. ఇక్కడ పిల్లలకు పాలు పట్టే పని లేదు. వారమంతా మగపక్షి తన అరలో ఊరికే కూర్చుంటుంది. ఆ పక్షికి పాత లెక్కన చిక్కుడు గింజలు పోస్తే బరువెక్కి కూర్చుంటుంది. అందుకే బార్లీ వచ్చింది. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ, పావురానికి పెద్దగా రుచించదు కూడా. రేసు నుంచి తిరిగొచ్చాక మొదటి రెండు మూడు రోజులు బార్లీ ఎక్కువగా కలిపిన తేలిక మేత, వారం మధ్య నుంచి మొక్కజొన్న, చివరి రెండు రోజులు నూనెగింజలు. బరువైన మేత రోజూ ఒకే తీరుగా పెట్టడం పోయి, తేలికగా మొదలుపెట్టి బరువుగా ముగించే వారపు లెక్క ఇలా స్థిరపడింది. నా దృష్టిలో పావురాల మేత చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. ఆకలి పక్షం, బలం పక్షం మొదటిసారి వారాన్ని చెరి సగం పంచుకున్నాయి.

చివరి రోజుల్లో కొవ్వు ఎందుకు పనిచేస్తుందో అనుభవం మీద తెలుసు గానీ కారణం తెలియదు. ఆ కారణం చెప్పడంలో మన దేశానికి పెద్ద వాటా ఉంది. 1950లలో బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో జె.సి.జార్జ్, ఆయన విద్యార్థులు పావురం రొమ్ము కండను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. అందులో రెండు రకాల పోగులున్నాయి. లావుగా, తెల్లగా ఉన్న వాటిలో పిండిపదార్థం నిల్వ ఉంది. సన్నగా, ఎర్రగా ఉన్న వాటిలో కొవ్వు బిందువులు కిక్కిరిసి ఉన్నాయి. నేల మీంచి ఒక్కసారిగా లేవడానికి తెల్లపోగులు, గంటల తరబడి రెక్క కొట్టడానికి ఎర్రపోగులు. దూరం పోయే పావురం కాల్చేది కొవ్వునే అని వాళ్లు తేల్చారు. 1980లలో జర్మనీలోని సార్‌బ్రూకెన్ పరిశోధకులు గాలి సొరంగంలో పావురాలను ఎగరేసి, అవి పీల్చి వదిలే గాలిని కొలిచినప్పుడూ అదే కనిపించింది. మొదట్లో పిండిపదార్థం కొంత ఖర్చవుతుంది, ఎగిరే కొద్దీ పక్షి పూర్తిగా కొవ్వు మీదికి మారిపోతుంది.

లెక్క చూస్తే ఆశ్చర్యం అనిపించదు. గ్రాము పిండిపదార్థానికి నాలుగు కేలరీలు, కొవ్వుకు తొమ్మిది. పైగా పిండిపదార్థాన్ని ఒంట్లో దాచుకోవాలంటే దానితో పాటు నీటి బరువూ మోయాలి. కొవ్వుకు ఆ బాధ లేదు, కాలినప్పుడు తిరిగి నీటినే ఇస్తుంది. దాహంతో ఎగిరే పక్షికి అది ఎంత పెద్ద సాయమో చెప్పక్కర్లేదు. బఠాణీలో కొవ్వు ఒకటి రెండు శాతానికి మించదు, మొక్కజొన్నలో నాలుగు, వేరుశనగ పప్పులో సగం వరకూ కొవ్వే.

మేత ఇలా ఒక దారికి వచ్చాక వ్యాపారం దాన్ని సంచుల్లోకి ఎక్కించింది. ఈకలు రాల్చే కాలానికి ఒకటి, పిల్లల కాలానికి ఒకటి, రేసులకు ఒకటి అని బెల్జియం మిశ్రమాలు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. 2020 నవంబరులో న్యూ కిమ్ అనే ఆడ పావురం 16 లక్షల యూరోలకు వేలంలో పోయింది. అంత డబ్బు తిరిగే చోట గింజలతో సరిపెట్టుకోని వాళ్లూ ఉంటారు. 2013లో బెల్జియం పావురాల నమూనాలను దక్షిణాఫ్రికాలో పరీక్షిస్తే కొన్నింటిలో నిషేధిత మందులు దొరికాయి, కొకైన్ ఆనవాళ్లతో సహా. నోరులేని పక్షికి ఆ గతి పట్టించిన వాళ్లను క్షమించడం నా వల్ల కాదు.

ఆకలి పక్షం మాత్రం పూర్తిగా ఓడిపోలేదు. 1946లో సైన్యం ఇచ్చిన రెండు వందల పావురాలతో మన సరిహద్దు పక్కనే కోరాపుట్‌లో ఒడిశా పోలీసుల పావురాల టపా సేవ మొదలైంది. అందులో ఒక పద్ధతిలో పావురానికి ఒక చోట గూడు, ఇంకో చోట మేత. తినడానికి అక్కడికి, ఉండటానికి ఇక్కడికి. ఉత్తరం పట్టుకుని రెండు వైపులా తిరిగేది. మామూలు హోమర్ ఇంటికి రావడమే ఎరుగును, దాన్ని ఇంటి నుంచి బయల్దేరదీసింది మేత ఒక్కటే.

చెన్నై రేసు పావురాల దారి చాలా వరకు తెలుగు నేల మీదుగానే. రైలు దారి వెంట ఉత్తరానికి తీసుకెళ్లి, నెల్లూరు దాటాక ఒంగోలు, విజయవాడ, ఆ పైన బల్లార్షా, నాగపూర్ వంటి చోట్ల వదులుతారు. ఒంగోలు నుంచి ఆకాశమార్గాన చెన్నైకి మూడు వందల కిలోమీటర్ల లోపే. గాలి బాగుంటే నాలుగైదు గంటల పని. దానికి నాలుగు రోజుల ముందు నుంచీ వేరుశనగ కుక్కడం దండగ, బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. నాగపూర్ అంటే తొమ్మిది వందల కిలోమీటర్లు. దానికి కొవ్వు నిల్వ లేకుండా పంపడం పక్షిని చావుకు పంపడమే. బుట్టలో ఒకటి రెండు రాత్రులు గడిపాక పావురానికి మిగిలేది మనం ఇంటి దగ్గర వారం పాటు పెట్టిందే.

వేరుశనగ మన రాయలసీమ పంట, చౌకగా దొరుకుతుంది, పావురాలకు ప్రాణం. అందుకే జాగ్రత్త కూడా దాని దగ్గరే కావాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు బూజు పట్టిన వేరుశనగ పిండి తిని చచ్చాయి, అఫ్లటాక్సిన్ అనే విషం అప్పుడే బయటపడింది. అది కాలేయాన్ని తినేస్తుంది. మా మామయ్యకు ఆ పేరు తెలియదు. కానీ పప్పులన్నీ తెల్ల గుడ్డ మీద పోసి, ముడుచుకున్నవి, నల్లమచ్చ ఉన్నవి, నోట్లో వేసుకుంటే చేదు తగిలినవి ఏరి పారేసేవాడు. మిగిలినవి ఒక్కో పావురానికి పది చొప్పున లెక్కపెట్టి అరచేతిలోంచే తినిపించేవాడు. అది తింటుండగా రెండో చేత్తో రొమ్ము ఎముక తడిమేవాడు. ఎముక కత్తిలా తగిలితే ఆ పక్షికి ఆ వారం రేసు లేదు. రెండు పక్కలా కండ గుండ్రంగా నిండి, ఎముక అంచు మాత్రమే వేలికి తగిలితే బుట్టలోకి.

నాగపూర్ నుంచి రెండో రోజు సాయంత్రం దిగిన ఒక నీలి చారల పోతు నాకింకా గుర్తుంది. చేతిలోకి తీసుకుంటే కాగితంలా తేలిపోయింది. ఆ రోజు మామయ్య డబ్బా ఊపలేదు. ముందు నీళ్లు పెట్టాడు, అది తల ఎత్తకుండా చాలాసేపు పీల్చింది. అరగంట ఆగి గుప్పెడు సజ్జలు, సన్న బియ్యం కలిపి పోశాడు. వేరుశనగ ఏదని నేనడిగితే, "రేపు" అన్నాడు.